అప్ప కారు, లక్ష్మీపూర్ ఘాటీ

మా అప్ప యాభయ్యారో ఏట కారు కొంది. అప్పటిదాకా ఆమెకు సైకిలు తొక్కడం కూడా రాదు. రాయగడలో ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో అందరూ నవ్వారట. కోరాపుట్‌లో ఫోన్ చెవిన పెట్టుకుని నేనూ నవ్వాను.

"నవ్వుకో అమ్మీ, నవ్వుకో. ఏదో ఒక ఆదివారం నీ గుమ్మంలో హారన్ కొడతాను కదా, అప్పుడు సెప్తాను," అంది.

అప్ప అంటే అక్క. మా వాళ్లది శ్రీకాకుళం వైపు. నాన్న కోరాపుట్‌లో మిషన్ బడికి పంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. వీధిలో ఒడియా, సంతలో కొండవాళ్ల దేశియా మాట్లాడుతూ పెరిగినా ఇంట్లో మాత్రం ఆ వైపు తెలుగే. అమ్మా నాన్నా త్వరగా పోయారు. అప్ప నర్సు ఉద్యోగంలో చేరి నన్ను చదివించింది, టీచరుని చేసింది, పెళ్లి చేసింది. తను చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా జుట్టు సగం నెరిసినా ఆమెకు నేను "అమ్మీ"నే, చిన్నపిల్లనే.

కారు కొనడానికి ఆమెకు ఉన్న కారణం వాసన. డీజిలు వాసన ఆమెకు పడదు. మొదటి ఉద్యోగం బొయిపరిగుడలో. కోరాపుట్ నుంచి బస్సులో పోవాలి. ఘాటీ రోడ్డు మొదటి మలుపు తిరగ్గానే ఆమె కడుపు తిరిగేది. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి, నోటికి కొంగు. కండక్టర్లకు అలవాటై కిటికీ పక్క సీటు ఆమెకే ఉంచేవాళ్లు. తర్వాత రాయగడకు బదిలీ అయింది. అక్కడి నుంచి నన్ను చూడడానికి వచ్చినప్పుడూ అదే పని. బస్సు దిగి మా ఇంటికి వచ్చేసరికి మొహం పసుపుపచ్చగా పాలిపోయి, గుమ్మంలోనే కూలబడి "కాసిని మంచినీళ్లియ్యే" అనేది. నా పెళ్లికి కూడా అలాగే వచ్చింది. ఫొటోల్లో పెళ్లికూతురి కంటే అప్పే నీరసంగా ఉంటుంది.

ఒక రోజు వాళ్ల ఆసుపత్రి డాక్టరమ్మ తన కరెంటు కారులో ఆమెను ఏదో పల్లెకు తీసుకెళ్లింది. ఆ సాయంత్రమే నాకు ఫోన్.

"అమ్మీ, వాంతు అవ్వలేదే!"

"ఏటి?"

"వెళ్లి వచ్చేను. మలుపులే మలుపులు. వాసన లేదు, సప్పుడు లేదు. నాకు వాంతు అవ్వలేదు!"

ఏడుస్తోందేమో అనిపించింది. ముప్పై ఏళ్ల బస్సు ప్రయాణాలు ఆ గొంతులో ఉన్నాయి. ఆ ఏడాదే చిన్న కరెంటు కారు కొనేసింది. ఆసుపత్రి మైదానంలో తెల్లవారుజామున నేర్చుకుంది. గోడకి రెండుసార్లు గీకింది. వేసవిలో ఒక ఆదివారం, చెప్పినట్టే, మా గుమ్మంలో హారన్ కొట్టింది. దిగి నిటారుగా నిలబడింది. మంచినీళ్లు అడగలేదు.

మొదటి చలికాలం వచ్చేదాకా ఆమె సంబరానికి అడ్డు లేదు. నవంబరులో ఫోన్ చేసి కోపంగా అంది:

"బండి నన్ను మోసం సేస్తన్నాదే. నిండా ఛార్జి పెట్టేను. ఎండల్లో మీ ఇంటికొచ్చి సగం దారి వెనక్కి వెళ్లేంత మిగిలేది. ఇప్పుడు మీ వీధి మొగకి వచ్చేసరికి ఊపిరి అందట్లేదు."

మోసం కాదని తర్వాత తనే కనిపెట్టింది. కొత్త రోగిని వార్డులో చేర్చుకున్నట్టు ఆ కారుని చేర్చుకుంది. ఏది తింటే ఏమవుతోంది, ఏ వేళకి నీరసిస్తోంది అని చూసుకుంది. "బేటరీకీ సలేస్తాదట అమ్మీ. సలికి ముడుసుకుపోయి, ఉన్నదంతా ఇవ్వదట," అని చెప్పింది. హీటరు వేస్తే ఇంకా లాగేస్తుంది. ఎండాకాలం ఏసీ కంటే చలికాలం హీటరే ఎక్కువ తింటుందని ఆమె లెక్క. స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద రగ్గు కప్పుకుని, హీటరు ఆపేసి బండి నడిపేది. టైర్లలో గాలి తగ్గితే బండి బరువుగా నడుస్తుందని వారం వారం గాలి చూపించేది. తడి రోడ్డు మీద, ఎదురుగాలిలో ఎక్కువ ఖర్చు. వేగం పెంచితే మరీను. మా ఇంటి నుంచి వెళ్లేటప్పుడు నేను అల్లం బస్తా, పనసకాయలు, పూలకుండీలు డిక్కీలో పెడితే ఒక్కొక్కటే తీసి గుమ్మంలో పెట్టేసేది.

"అల్లం ఒగ్గీయ్. పనసకాయ మరిదికి ఇయ్యి. నా బరువు నేను మోసుకెళ్తే సాలు." మరిది అంటే మా ఆయన.

కోరాపుట్ కొండ మీద ఊరు. రాయగడ కింద, నాగావళి ఒడ్డున. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కాలి, వెళ్లేటప్పుడు అదే ఘాటీ దిగాలి. కరెంటు కారులో దిగేటప్పుడు కాలు ఎత్తేస్తే చాలు, మోటారే చక్రాలను పట్టి ఆపుతూ కాస్త కరెంటు తిరిగి బేటరీకి పంపుతుంది. అందుకని మా ఇంట్లో నిండా ఛార్జి పెట్టనిచ్చేది కాదు. "నిండుగా ఉంటే, దిగేటప్పుడు వచ్చింది ఎక్కడ పెట్టుకుంటాది?" అనేది. ఓసారి నేను, అయితే ఎక్కడానికి అయిన ఖర్చు దిగేటప్పుడు వచ్చేస్తుందన్నమాట అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఇచ్చిందంతా రాదమ్మీ. కొంత వస్తాది."

రెండో చలికాలానికి ముందు ఆమెకు కడుపు ఉబ్బరం మొదలైంది. గ్యాసు అనుకుంది. ఊరందరి ఉబ్బరాలకీ స్కానింగ్‌లు రాయించిన మనిషి తన ఉబ్బరానికి జీలకర్ర నీళ్లు తాగింది. స్కానింగ్ చేయించుకునేసరికి అండాశయంలో పుట్టినది కడుపంతా పాకింది. విశాఖపట్నంలో ఆపరేషను అయింది. తర్వాత కీమో మందు ఎక్కించే పని కోరాపుట్ పెద్దాసుపత్రిలో చేయించుకోవచ్చన్నారు.

మా ఇంట్లో ఉండిపొమ్మన్నాను. ఒప్పుకోలేదు. మందుకీ మందుకీ మధ్య ఒళ్లు తేరుకున్న రోజుల్లో డ్యూటీకి వెళ్తానంది. నిజంగానే తలకి స్కార్ఫ్ కట్టుకుని వెళ్లేది. రైలు వేళలు వార్డు వేళలకి కుదరవు. బస్సు మాట ఎత్తనే కూడదు. కాబట్టి మందు రోజు వచ్చేముందు నేనే రైల్లో రాయగడ దిగి, మర్నాడు పొద్దున్నే ఆమెను ఆ కారులో ఘాటీ ఎక్కించి తీసుకొచ్చేదాన్ని. ఒకటి రెండు రోజులు మా ఇంట్లో ఉంచి, మళ్లీ దించి, రైల్లో వెనక్కి వచ్చేదాన్ని.

నాకు డ్రైవింగ్ వచ్చు కానీ భయం. మొదటిసారి నేను స్టీరింగ్ పట్టుకున్నప్పుడు తెర మీద ఎంత దూరం పోతుందో చూపించే అంకె చాలా పెద్దగా ఉంది. అప్ప నడిపిన తీరును బట్టి బండి వేసుకున్న అంచనా అది. నేను నడపడం మొదలుపెట్టాక ఆ అంకె రోడ్డు కంటే వేగంగా తగ్గిపోయింది. లారీని దాటడానికి ఒక్కసారి కాలు నొక్కితే చాలు, పడిపోయేది.

"నీ కాలు బరువే," అని నవ్వింది అప్ప. "గ్లాసులో పాలు అంచుదాకా ఉన్నాయనుకో. ఒలక్కుండా తీసుకెళ్లు."

నేర్చుకున్నాను. కానీ ప్రయాణం ప్రయాణానికీ అప్ప అంకె పోయి నా అంకె వచ్చింది. నాలుగో ప్రయాణానికి తెర మీద ఆమె నడిపిన జాడ లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మందు ఎక్కించుకున్న తర్వాత ఘాటీ దిగడం పెద్ద పరీక్ష. కాలు ఎత్తినప్పుడల్లా కారు వెనక్కి లాగినట్టు నెమ్మదిస్తుంది. ఆ లాగుడుకి ఆమెకు వికారం. వాసన లేని బండిలో కూడా మళ్లీ నోటికి కొంగు, ఒళ్లో సంచి వచ్చాయి. నేను ఆ లాగుడు తగ్గించే మీట తిప్పి, బ్రేకు మీద మెల్లగా దించేదాన్ని.

"వచ్చేదంతా పోతన్నాది కదే," అనేది కళ్లు మూసుకునే.

"పోనీ అప్పా."

"అలగంటే ఎలగ? రూపాయికి పావలా అయినా వస్తాది."

"నువ్వు మాట్లాడకు. మాట్లాడితే తిప్పుతాది."

డిసెంబరులో ఒక ప్రయాణం నాకు బాగా గుర్తుంది. ముందురోజు అకాల వర్షం, గాలి. రాయగడలో సాయంత్రం పోయిన కరెంటు పొద్దుటికి గానీ రాలేదు. బేటరీ నిండలేదు. అయినా బయల్దేరాం, ఎందుకంటే మందు తేదీ దాటకూడదు. తుంపర పడుతోంది. రోడ్డంతా తడి. ఘాటీ మొదట్లోనే పొగమంచు కమ్మేసింది. అప్ప స్వెట్టరు, శాలువా, రగ్గు అన్నీ కప్పుకుని కూడా వణుకుతోంది. ఆపరేషను తర్వాత ఒంట్లో కండ అన్నది మిగల్లేదు. నేను హీటరు వేశాను.

"ఆపీయ్," అంది.

"ఉండనీ."

"ఛార్జి సూసుకో."

"సూస్తన్నాను."

ఘాటీ మధ్యలో ఒక లారీ అడ్డంగా ఒరిగిపోయి ఉంది. వెనక బళ్లన్నీ బారు తీరాయి. ఎక్కడి వాళ్లక్కడ ఇంజన్లు ఆపుకుని కూర్చున్నారు. మేం కదలకుండా ఉన్నాం కానీ హీటరు తిరుగుతూనే ఉంది. పర్సెంటు ఒక్కొక్కటే జారుతోంది. అప్ప చెయ్యి చాచి తనే హీటరు కట్టేసింది. నేను మళ్లీ వేశాను. మళ్లీ కట్టేసింది. ఆమె వేళ్లు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అప్పా, సలికి సచ్చిపోతావు!"

ఆమె నావైపు తిరిగి, చాలా మామూలుగా, వార్డులో రోగి బంధువులకు చెప్పినట్టు చెప్పింది:

"నేను పోయేది సలికి కాదు కదమ్మీ."

హీటరు వేసి, ఆ మీట మీదే చెయ్యి ఉంచుకుని కూర్చున్నాను. ఈసారి ఆమె కట్టేయలేదు.

లారీని పక్కకి లాగి దారి ఇచ్చేసరికి పొద్దెక్కింది. ఘాటీ ఎక్కి లక్ష్మీపూర్ చేరేసరికి, తెర మీది అంకె కోరాపుట్‌కి మిగిలిన దూరం కంటే చాలా తక్కువ ఉంది. అప్పట్లో మధ్యలో ఛార్జింగ్ పెట్టే చోటు మాకు తెలిసి ఎక్కడా లేదు. డిక్కీలో ఇంట్లో వాడే ఛార్జరు మాత్రం ఉంది. మూడు కన్నాల పెద్ద ప్లగ్గు దొరికితే చాలు.

ఆ రోజు సంత. రోడ్డు పక్క టీ హోటలు ముందు ఆపాను. హోటలు నడిపేది దేశియా ఆవిడ, నా ఈడుదే. సంగతి చెప్తే "హఉ, హఉ, పెట్టుకోండి" అని ఫ్రిజ్ తీసి ఆ ప్లగ్గు మాకిచ్చింది. ఛార్జరు పెట్టాను. ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్ర లైటే.

"ఎర్త్ లేదు ఈ ప్లగ్గుకి," అంది అప్ప కారులోంచి. "ఎర్త్ లేకపోతే ఇది తీసుకోదు. మా క్వార్టరులో కూడా మొదట ఇదే గొడవ."

హోటలావిడ మమ్మల్ని వెనకవీధిలో పిండిమరకి పంపింది. అక్కడ మోటారు కోసం వైరింగ్ గట్టిగా చేయించారు. పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. నేను ఆ పిండి మేటల మధ్యే కూర్చుండిపోయాను. ఇంటి ప్లగ్గుతో ఛార్జి ఎక్కడం ఎంత నిదానమో తెలుసు. వార్డుకి ఫోన్ చేశాను. ఈరోజుకి వద్దు, రేపు తీసుకురండి అన్నారు.

అప్పటికి ఎండ వచ్చింది. వాన కడిగిన తర్వాత వచ్చే ఎండ, కళ్లు చెదిరేలా. మర ముందు నులకమంచం వేసి ఉంటే అప్పను దాని మీద కూర్చోబెట్టాను. రగ్గు తీసేసింది. తర్వాత శాలువా తీసేసింది. స్కార్ఫ్ కూడా తీసి ఒళ్లో పెట్టుకుని, బోడితల మీద ఎండ పడనిస్తూ కళ్లు మూసుకుంది. సంతకి వచ్చిన ఆడవాళ్లు తలమీద గంపలతో పోతూ పోతూ చూశారు. ఆమె పట్టించుకోలేదు.

హోటలావిడ వెనకాలే వచ్చింది, రెండు గిన్నెల్లో మండియా పేజ్ తీసుకుని. మన రాగి అంబలి లాంటిదే. అప్ప మూడు వారాలుగా ఏదీ సరిగ్గా తినలేదు. నాకు భయమేసింది. ఆమె గిన్నె ఎత్తి, ఆగకుండా, అడుగుదాకా తాగింది. మూతి తుడుచుకుంది. వాంతి కాలేదు.

"ఇంకా ఉన్నాదేటి?" అని అడిగింది.

ఇంకో గిన్నె తాగింది. ఆ ఇద్దరూ దేశియాలో కబుర్లు మొదలుపెట్టారు. హోటలావిడ మోకాళ్ల నొప్పులు, కోడలి కాన్పు, ఆ కోడలికి రక్తం తక్కువ. అప్ప కళ్లద్దాలు పెట్టుకుని ఏ మాత్రలు వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. ఆవిడ వెళ్లిపోయాక నన్ను పక్కన కూర్చోమంది.

"అమ్మీ, ఒక మాట. కోపం తెచ్చుకోకు."

"సెప్పు."

"ఇంక ఎక్కనే."

ఘాటీ గురించి అనుకున్నాను. "దాటీసేం కదా అప్పా. ఇక్కడి నుంచి పెద్ద ఎత్తు లేదు."

"ఘాటీ కాదు. మందు."

మర లోపల ఎవరిదో పిండి పడుతోంది. ఆ హోరులో నాకు సరిగ్గా వినిపించలేదని అనుకోవాలనిపించింది. కానీ వినిపించింది.

"ఎందరికి ఎక్కించేనే ఈ సేతుల్తో," అంది. "ఏది ఒంటికి పడతన్నాదో, ఏది పడట్లేదో నాకు తెల్దేటి? మందు ఎక్కించుకుని, పది రోజులు పడుకుని, నాలుగు రోజులు లేచి, మళ్లీ పడుకోడానికి ఘాటీ ఎక్కుతున్నాను. ఇయ్యాల సూడు. ఎండలో కూసున్నాను. అంబలి తాగేను. అందరితో మాటాడేను. ఇలగ ఎన్నాళ్లయిందో సెప్పు."

నేను ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. వాదించాను, బతిమాలాను. దేవుడి మీద ఒట్టు పెట్టాను. నాకెవరున్నారని అడిగాను. భర్త ఉన్నాడు, బడి ఉంది, కానీ ఆ ప్రశ్నే వచ్చింది నోటికి. ఆమె నా వీపు నిమురుతూ కూర్చుంది. చివరికి, "సరే, నీ కోసం ఇంకొక్కసారి వెళ్దాం. డాక్టరు ఏటంటారో ఇద్దరం విందాం. తర్వాత నన్ను బలవంతం సెయ్యకూడదు," అంది.

సాయంత్రం ఎండ వాలేలోపు, కకిరిగుమ్మ మీదుగా, మెల్లగా, పాలు ఒలక్కుండా నడుపుకుంటూ కోరాపుట్ చేరాం. దారిలో ఆమె హీటరు వేయనివ్వలేదు. అంబలి వేడి ఉంది చాలంది.

మర్నాడు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష, స్కానింగ్ చూసిన డాక్టరమ్మ తన కుర్చీ ఇవతలికి లాక్కుని మా ఎదురుగా కూర్చుంది. అలా కూర్చోవడంతోనే నాకు అర్థమైంది. ఇక మందు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని, నొప్పి లేకుండా చూసుకుందామని చెప్పింది. అప్ప తల ఊపి, ఏ మాత్ర ఎంత మోతాదులో వేసుకోవాలో అడిగింది. ఇద్దరూ సహోద్యోగుల్లా మాట్లాడుకున్నారు. నేను గోడ మీది కేలండరు చూస్తూ కూర్చున్నాను.

కొన్ని వారాలు మా ఇంట్లో ఉంది. పగలంతా వసారాలో ఎండ ఎటు జరిగితే కుర్చీ అటు జరిపేవాళ్లం. జనవరిలో కోరాపుట్ చలి మీకు తెలియకపోవచ్చు. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఒక పొద్దున ఆమె అంది:

"నన్ను దించేయే."

"ఏటి?"

"మా క్వార్టరుకి దించేయ్. అక్కడింత సలి ఉండదు. నా పిల్లలున్నారు సూసుకోడానికి." పిల్లలంటే ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సులు.

నేను బడికి సెలవు పెట్టాను. మా ఆయన కూడా వస్తానన్నారు. వెనక సీట్లో దిండ్లు పేర్చి, ఆయన ఒళ్లో కాళ్లు పెట్టుకునేలా ఆమెను పడుకోబెడదామనుకున్నాం. ఆమె ముందే కూర్చుంటానంది. సీటు వెనక్కి వాల్చి, దుప్పటి చుట్టి కూర్చోబెట్టాం. మా ఆయన ఎక్కగానే కారు వెనక భాగం కాస్త కుంగింది.

"మరిది బరువుకే నీ ఛార్జి అయిపోతాది," అంది.

ఆయన నవ్వబోయి కిటికీలోంచి బయటికి చూశారు.

ఎండెక్కాక బయల్దేరాం. హీటరు పూర్తిగా వేశాను. ఈసారి నేను ఏ అంకె కేసీ చూడలేదు. కకిరిగుమ్మ దగ్గర గేటు పడితే ఆగాం. గూడ్సు బండి వెళ్లేదాకా అప్ప డబ్బాలు చూస్తూ ఉంది. లక్ష్మీపూర్ దాటి ఘాటీలోకి దిగుతున్నప్పుడు, ఎప్పటిలాగే లాగుడు తగ్గించే మీట తిప్పాను. ఆమె కళ్లు తెరిచింది.

"ఎక్కువలో పెట్టే. రావలసింది రానీ."

"నీకు తిప్పుతాది అప్పా."

"కడుపులో ఏటున్నాదే తిప్పడానికి?"

మీట వెనక్కి తిప్పాను. కాలు ఎత్తాను. కారు తనను తాను పట్టుకుంటూ దిగింది. మలుపు తర్వాత మలుపు. తెర మీద అంకె ఒకటి పెరిగింది. కాసేపటికి ఇంకొకటి. అప్ప దాన్నే చూస్తోంది. "వస్తన్నాది, వస్తన్నాది," అంది సన్నగా. ఘాటీ దిగేసరికి నిద్రపోయింది. వెనక మా ఆయన రుమాలుతో మొహం కప్పుకుని ఉన్నారు. నాకు మాత్రం రోడ్డు కనబడాలి కాబట్టి ఏడవలేదు.

మా ఆయన మర్నాడు రైల్లో వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. ఆమె "పిల్లలు" వంతులేసుకుని వచ్చారు. తల దువ్వడానికి జుట్టు లేదు కాబట్టి నూనె మాత్రం రాసేవాళ్లు. పక్క మార్చేవాళ్లు, నొప్పి మందు ఇచ్చేవాళ్లు. ఆమె కళ్లు మూసుకునే వాళ్ల తప్పులు దిద్దేది. ఫిబ్రవరిలో క్వార్టర్ల వెనక మామిడిచెట్లు పూత పట్టాయి. ఒక పొద్దున కాఫీ అడిగింది. చెంచాతో రెండు గుక్కలు పట్టాను. మూడో చెంచా పెదవి మీదే ఉండిపోయింది. నర్సు పిల్ల వచ్చి నాడి పట్టుకుని చూసి, తన గురువుకి తనే కళ్లు మూసింది. బయట ఎండ బాగా వచ్చింది. కిటికీ తెరిచే ఉంది.

రాయగడలోనే సమాధి చేశాం. తెలుగు చర్చి సంఘం వాళ్లు పాటలు పాడారు. నర్సులు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. మా ఆయన వచ్చి, సెలవు దొరకక ఆ సాయంత్రమే వెళ్లాల్సి వచ్చింది. క్వార్టరు ఖాళీ చేసి సామానంతా పంచేసి, తాళం ఇచ్చి, కారు తీసుకుని నేను ఒక్కదాన్నే బయల్దేరాను.

చలి పోయింది. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, రోడ్డు పొడిగా ఉంది. హీటరు అక్కర్లేదు. ఏసీ అంత వేడీ లేదు. డిక్కీ ఖాళీ. ఎవరికీ కడుపు తిరగదు కాబట్టి ఎక్కడా ఆగక్కర్లేదు. పక్క సీట్లో బరువు లేదు. ఇన్నాళ్లూ ఏవేవి ఉంటే దూరం తగ్గిపోతుందని ఆమె చెప్పిందో అవేవీ ఆ రోజు లేవు. ఘాటీ ఎక్కి లక్ష్మీపూర్ దాటాను. ఛార్జి తరుగుతున్నట్టే లేదు. అది చూసి నాకు ఒళ్లు మండింది. తగ్గు, తగ్గు అని పైకే అన్నాను. కావాలని కాలు నొక్కాను. కాసేపు పిచ్చిదానిలా నడిపాను. ఎదురుగా వచ్చిన ట్రాక్టరు హారన్ కొడితే రోడ్డు పక్కకి తీసి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి, ఆమె పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. ఆ బండిలో చప్పుడు లేదు కదా. నా ఏడుపు నాకు అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదు.

ఇంటికి చేరేసరికి మా ఆయన గేటు తీసి నిలబడి ఉన్నారు. ప్రతిసారీ అడిగే మాటే, అలవాటుగా నోటికి వచ్చేసింది ఆయనకి.

"ఎంత మిగిలింది?"

అడిగాక ఆయనకే తెలిసినట్టుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడో వంతు కంటే ఎక్కువే మిగిలింది. నేను నడిపినప్పుడు ఎన్నడూ అంత మిగలలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. కాసేపు ఇందులోనే కూర్చుంటానని చెప్పాను. సరేనని ఆయన గేటు వేసి లోపలికి వెళ్లారు.

ఇప్పుడు ఆ కారు నా దగ్గరే ఉంది. బడికి, బజారుకి, చర్చికి తీసుకెళ్తాను. ఘాటీ వైపు మాత్రం ఇంతవరకూ తిప్పలేదు. సమాధి రాయి వేయించారని, పేరు చెక్కించారని నర్సు పిల్లలు ఫోన్ చేసి చెప్పారు. వస్తానని చెప్పాను. ఎండాకాలం అయిపోయింది, వానలు కూడా వచ్చేశాయి. ఇంకా వెళ్లలేదు.